ఒక్క నిమిషాన్ని అయిదు నిమిషాలు చేసే కటింగ్: టెన్షన్ ఎక్కడ, ల్యాగ్ ఎక్కడ?

బాల్కనీ టికెట్
అన్నలకు, అక్కలకు నమస్తే. ఒక షార్ట్ ఫిల్మ్ ఎడిట్‌లో ఇరుక్కున్నాం. సీన్ మామూలుదే. కుర్రాడు నాన్న బీరువా తెరిచి డబ్బు తీస్తుంటాడు, అదే టైమ్‌కి నాన్న మెట్లెక్కి వస్తుంటాడు. ఉన్నదున్నట్టు అతికిస్తే నలభై సెకన్లు కూడా రావట్లేదు, డైరెక్టర్‌కేమో రెండు నిమిషాలు కావాలి. స్లో మోషన్ పెడితే ప్రేమపాటలా ఉంది, కట్లు (షాట్ మార్పులు) పెంచితే ట్రైలర్‌లా ఉంది, చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, ల్యాగ్. పెద్ద సినిమాల్లో ఇంతకంటే చిన్న పనిని ఇంతకంటే ఎక్కువసేపు చూపిస్తారు, మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. తేడా ఎక్కడుంది? ఎడిటింగ్ తెలిసినవాళ్లు చెప్పండి, తెలియనివాళ్లు కూడా చెప్పండి, చివరికి చూసేది మీరే కదా.

మ్యాట్నీ షో
ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) మార్చి చూడు బ్రో. సగం సినిమాలు దానితోనే గట్టెక్కుతున్నాయి.

స్ప్లైస్ టేప్
ఆర్ఆర్ సంగతి తర్వాత. సినిమాకి గొంతు కూడా రాని రోజుల్లోనే ఈ పని చేసి చూపించారు. 1925లో సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్'లో సైనికులు జనాన్ని కాల్చే ఒడెస్సా మెట్ల సీన్ చూడండి, యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఆ మెట్లు ఒడెస్సాలో నిజంగానే ఉన్నాయి, మొత్తం 192. ప్రాణభయంతో పరిగెత్తేవాడు ఎంతసేపట్లో దిగిపోతాడో మీరే లెక్కేసుకోండి. తెర మీద మాత్రం జనం ఆరు నిమిషాల దాకా దిగుతూనే ఉంటారు, వెనకాల సైనికులు వరస తప్పకుండా దిగుతూనే ఉంటారు, మెట్లు అయిపోవు. ఒకే పరుగును పైనుంచి, పక్కనుంచి, కాళ్ల దగ్గర్నుంచి తీసి, చాలాచోట్ల ముందు షాట్ ఆగిన చోటికంటే కొంచెం వెనక్కి జరిపి తర్వాతి షాట్ మొదలుపెట్టాడు. పసిబిడ్డ బండి దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. తల్లికి గుండు తగులుతుంది, నడుం దగ్గర బెల్టు పట్టుకుంటుంది, బండి చక్రాలు మెట్టు అంచున ముందుకీ వెనక్కీ ఊగుతాయి, మళ్లీ తల్లి ముఖం, మళ్లీ చక్రాలు, ఆమె ఇంకా పడుతూనే ఉంటుంది. నిజంగా జరిగితే రెండు మూడు సెకన్ల పని.

ఇక్కడ కట్లు టపటపా పడుతున్నాయి, కథలో టైమ్ మాత్రం నత్తనడక నడుస్తోంది. కట్ స్పీడ్ వేరు, కథ స్పీడ్ వేరు. 'కట్లు పెంచితే ట్రైలర్‌లా ఉంది' అన్నారు కదా, మీ కట్లు పనిని ముందుకు తోసేస్తున్నాయన్నమాట. ఐసెన్‌స్టీన్ కట్లు పనిని ఆపుతాయి. 1928లో వచ్చిన 'అక్టోబర్'లో వంతెన పైకి లేచే సీన్ అయితే మరీ ఘోరం. చనిపోయిన అమ్మాయి జుట్టు వంతెన చీలిక మీద పరుచుకుని ఉంటుంది, బండి గుర్రం గాల్లో వేలాడుతుంది, వంతెన ఎన్నిసార్లు లేచిందో మనకే లెక్క తప్పుతుంది.

ఓరుగల్లు పిల్ల
స్ప్లైస్ టేప్ గారూ, మీరంటే గౌరవమే కానీ ఒక్క మాట. ఒడెస్సా మెట్ల సీన్‌లో బండి ముక్క తప్ప మిగతాదంతా సస్పెన్స్ కాదు. అక్కడ జరిగేది ఊచకోత, చూస్తుంటే కడుపులో దేవుతుంది. 'ఏమవుతుంది' అన్న ప్రశ్న లేదు, జరుగుతూనే ఉంది కదా. బండి దగ్గరికి వచ్చాకే ప్రశ్న పుడుతుంది: పడుతుందా, ఆగుతుందా? కాబట్టి సాగదీయడం ఒక పని, సస్పెన్స్ ఇంకో పని. రెండూ కలిసినప్పుడే ఈ తమ్ముడు అడిగేది వస్తుంది.

సస్పెన్స్ సినిమాల హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోకిచ్చిన ఇంటర్వ్యూల్లో బాంబు సంగతి చెప్తాడు, అందరికీ తెలిసిందే అయినా ఇక్కడ పనికొస్తుంది. ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటుంటే కిందున్న బాంబు ఠక్కున పేలితే మనకు పదిహేను సెకన్ల షాక్. అదే బాంబు ఉందని మనకు ముందే చూపించి, గోడ మీద గడియారం చూపించి, అదే పిచ్చాపాటీ నడిపిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. మాటలు మారలేదు, మనకు తెలిసింది మారింది, అంతే. తమ్ముడూ, నాన్న మెట్లెక్కుతున్నాడని మనకు ఎప్పుడు తెలుస్తుంది? బీరువా తెరవకముందా, తెరిచాకా?

బాల్కనీ టికెట్
తెరిచాక అక్కా. డబ్బు చేతిలోకి వచ్చాక నాన్న కాళ్లు చూపిస్తాం.

ఓరుగల్లు పిల్ల
అదీ సంగతి. ముందు నిమిషమంతా మేం ఊరికే బీరువాను చూస్తున్నాం.

మ్యాట్నీ షో
హిచ్‌కాక్ 'సైకో'లో అమ్మాయిని షవర్ కింద పొడిచి చంపే సీన్‌లో మరి ముందే ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదు. అయినా ప్రపంచం మొత్తం దాని గురించే మాట్లాడుతుంది.

గోదారి గట్టు
షవర్ సీన్ సస్పెన్స్ అని ఎవరన్నారు మ్యాట్నీ? అది షాక్. ఏడు రోజులు షూట్ చేసి ముప్పావు నిమిషం ఫుటేజీ తీశారు, ఎడిటర్ జార్జ్ టొమాసిని, కటింగ్ అద్భుతం, అదంతా ఒప్పుకుంటాను. కానీ అదే సినిమాలో దాని వెనకే ఇంకో సీన్ ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మోటెల్ నడిపే కుర్రాడు ఆ అమ్మాయి శవాన్ని కారులో పెట్టి బురదగుంటలోకి తోసేస్తాడు. కారు మునుగుతూ ఉంటుంది. సగం దాకా మునిగి ఆగిపోతుంది! వాడి ముఖం, ఆగిపోయిన కారు, వాడు అటూ ఇటూ చూడటం, నోట్లో ఏదో నములుతూనే ఉంటాడు, మళ్లీ కారు. కాసేపటికి బుడబుడమని మునిగిపోతుంది. మనకు 'హమ్మయ్య' అనిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఇంతసేపూ మనం ఎవరి తరఫున టెన్షన్ పడ్డామో! అంతకుముందు దాకా మనం ఆ అమ్మాయి పక్షం.

ల్యాగ్‌కీ టెన్షన్‌కీ తేడా నా ఉద్దేశంలో అక్కడుంది. కారు నింపాదిగా, ఒకే స్పీడులో రెండు నిమిషాలు మునిగితే ల్యాగ్. మధ్యలో ఆగితే టెన్షన్. టైమ్ సాగాలంటే ఆ టైమ్‌కి ఏదో ఒకటి అడ్డం పడాలి. నువ్వు రెండు నిమిషాలు చేయాలనుకుంటే ఫ్రేములు సాగదీయకు, అడ్డంకులు వెతుకు. తాళం చెవి తిరగదు, నోట్ల కట్టకు రబ్బర్ బ్యాండ్ తెగుతుంది, మెట్ల మీద నాన్నను పక్కింటాయన పలకరిస్తాడు (ఇది బాగుంటుంది, నాన్న ఆగినందుకు మనం సంతోషిస్తాం, కానీ ఆయన ఎప్పుడు కదులుతాడో తెలియదు).

డల్లాస్ బావ
గోదారి గట్టు గారి మాట చాలావరకు కరెక్టే కానీ అన్నిచోట్లా అడ్డంకి అక్కర్లేదు. ఇటలీ దర్శకుడు లియోనీ సినిమాలు తీసుకోండి. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ', 1966. చివర్లో శ్మశానం మధ్య గుండ్రటి బయల్లో ముగ్గురు నిలబడతారు. నాలుగైదు నిమిషాలు ఎవడూ ఏమీ చేయడు. ముగ్గురూ కలిసి కనిపించే దూరం షాట్, తర్వాత ఒక్కొక్కడు, తర్వాత నడుం దగ్గర తుపాకీ, చెయ్యి, ముఖం, ఆఖరికి కళ్లు మాత్రమే. షాట్ దగ్గరయ్యేకొద్దీ నిడివి తగ్గుతూ పోతుంది, మొరికోనీ సంగీతం దాంతోపాటే లేస్తుంది. అడ్డంకి ఏదీ? ఓరుగల్లు అక్క చెప్పిన బాంబు ఏదీ? పైగా ముగ్గుర్లో ఒకడి తుపాకీలో గుళ్లే లేవు, ఆ సంగతి ఒక్కడికే తెలుసు, మనకు కూడా అంతా అయ్యాకే చెప్తారు. మీ హిచ్‌కాక్ లెక్క ప్రకారం ఆ సీన్ ఫెయిలవ్వాలి. అవ్వలేదు.

ఓరుగల్లు పిల్ల
మంచి పాయింట్ బావగారూ. కానీ మనకు ఏమీ తెలియదంటే ఒప్పుకోను. అక్కడెక్కడో బంగారం పాతిపెట్టి ఉందని తెలుసు, ముగ్గురికీ అది కావాలని తెలుసు, ఒకడు ముందు కదిలితే మిగతా ఇద్దరూ కదులుతారని తెలుసు. ఆ ముగ్గురి ముఖాలే బాంబు. ఎవడు ఎవణ్ణి కాలుస్తాడో తెలియకపోవడం వేరు, కాల్పులు జరుగుతాయని తెలియకపోవడం వేరు. తుపాకీలో గుళ్లు లేని విషయం దాచడం వల్ల చివర్లో షాక్ కూడా దక్కింది, అది బోనస్. ఇద్దరు ఎదురుబొదురు నిలబడితే చూపులు రెండే, ముగ్గురైతే ఎవరు ఎవర్ని చూస్తున్నారన్నదే ఆరు రకాలు, ఎడిటర్లు బరాగ్లి, అలబీసోలకు కావాల్సినంత సరుకు.

స్ప్లైస్ టేప్
బరాగ్లి కాదు, బరాల్యి అనాలి అనుకుంటా ఇటాలియన్‌లో. సరే అది వదిలేయండి.

లియోనీది ఒక సంగతి అందరూ మర్చిపోతారు. ఆ నాలుగైదు నిమిషాలు నిలబడటానికి ముందు రెండున్నర గంటల సినిమా ఉంది. మన షార్ట్ ఫిల్మ్ వాళ్లు ఆ చివరి అయిదు నిమిషాలు చూసి, కళ్ల క్లోజప్పులు తీసేసుకుని, ముందు ఏమీ లేకుండా పెట్టేస్తారు. కళ్లు ఎంత దగ్గరగా తీసినా ఆ కళ్లు ఎవరివో మనకు తెలియాలి కదా.

మ్యాట్నీ షో
గడియారం సినిమా ఒకటుంది కదా, నలుపు తెలుపు, పేరు గుర్తు రావట్లేదు. రైలు పన్నెండింటికి వస్తుంది, విలన్ దాంట్లో దిగుతాడు, ఊళ్లో ఎవడూ సాయం రాడు.

గోదారి గట్టు
'హై నూన్', 1952, ఫ్రెడ్ జిన్నెమన్. ఎడిటింగ్‌కి ఆస్కార్ వచ్చింది, ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్‌స్టాడ్ ఇద్దరికీ. సినిమా గంటన్నర కూడా ఉండదు, కథలో జరిగే టైమ్ కూడా దాదాపు అంతే. అంటే మొత్తం మీద పెద్దగా సాగదీయలేదు. మాటిమాటికీ గోడ గడియారం చూపిస్తారు, మొదట చిన్నగా వెనకెక్కడో, పోనుపోను తెరంతా ఆక్రమించేలా. అందుకే టైమ్ బరువుగా అనిపిస్తుంది. పన్నెండు కొట్టబోయే ముందు వచ్చే సీక్వెన్స్ చూడాలి, లోలకం ఊగుతుంటుంది, చర్చిలో జనం, బార్‌లో జనం, స్టేషన్‌లో విలన్ మనుషులు, ఖాళీ పట్టాలు, ఒక్కొక్క ముఖం, కట్లు సంగీతం దెబ్బకు సరిగ్గా కలుస్తాయి, కెమెరా ఒక ఖాళీ కుర్చీ మీదికి వెళ్తుంది, శిక్ష పడ్డ రోజు ఆ విలన్ కూర్చున్న కుర్చీ, అంతలో రైలు కూత. అక్కడ మాత్రం టైమ్ నిజంగా సాగింది. ఊరంతా ఒకే క్షణంలో ఏం చేస్తోందో ఒకరి తర్వాత ఒకరిని చూపిస్తున్నాడు కాబట్టి ఆ ఒక్క క్షణం అన్ని ముఖాలంత పొడుగైంది.

కటింగ్ టేబుల్
చాలాసేపట్నుంచి చదువుతున్నా, అసలు పని ఎలా చేయాలో ఎవరూ చెప్పట్లేదు. నేను కృష్ణానగర్‌లో అసోసియేట్ ఎడిటర్‌గా చేస్తున్నా, నాకు తెలిసిన పద్ధతి చెప్తా.

చెయ్యి బీరువా హ్యాండిల్ దాకా వెళ్లడానికి రెండు సెకన్లు అనుకో, అంటే 48 ఫ్రేములు. ముప్పై ఫ్రేములు వాడుకుని నాన్న కాళ్లకు కట్ అవ్వు. మూడు సెకన్లు కాళ్లు. మళ్లీ చేతి దగ్గరికి వచ్చినప్పుడు 31వ ఫ్రేములో దిగకు, 18వ ఫ్రేము దగ్గర దిగు, కానీ యాంగిల్ మార్చు లేదా సైజు మార్చు, మొదట మిడ్ షాట్ అయితే ఇప్పుడు క్లోజప్. చెయ్యి వెనక్కి వెళ్లిందని ఎవడూ కనిపెట్టడు, మధ్యలో వాడి కన్ను వేరే చోట ఉంది కదా. ఇంకో లాభం కూడా ఉంది. నాన్న కాళ్లు చూపించిన మూడు సెకన్లూ ఇక్కడ చెయ్యి ఆగిపోయినట్టే లెక్క, అయినా ప్రేక్షకుడు అలా అనుకోడు, రెండూ నడుస్తూనే ఉన్నాయనుకుంటాడు. ఈ అటూ ఇటూ కటింగ్ కొత్తదేం కాదు. 1909లోనే అమెరికా దర్శకుడు గ్రిఫిత్ ఇంట్లో దూరుతున్న దొంగలు, ఫోన్ దగ్గర పెళ్లాం, పరిగెత్తుకొస్తున్న మొగుడు, ఇలా ముగ్గురి మధ్య తిప్పి చిన్న సినిమా తీసేశాడు.

కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన) తప్పుతుందేమోనని భయపడకు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ కట్ ఎక్కడ పడాలో తేల్చడానికి ఒక లెక్క రాసుకున్నాడు, అందులో ఎమోషన్‌కి 51 శాతం, కథకి 23, లయకి 10, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న స్థలం లెక్కకి ఆఖర్న 4 శాతం. సీన్‌లో భయం నిజమైతే చెయ్యి నాలుగంగుళాలు వెనక్కి వెళ్లినా ఎవడికీ పట్టదు. భయం లేకపోతే మాత్రం అందరూ వాచీ టైమ్ తప్పు ఉందని కూడా కనిపెడతారు.

నాన్న కాళ్లు చూపించిన ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి. మొదటిసారి గేటు, రెండోసారి మొదటి మెట్టు, మూడోసారి మలుపు. అదే మెట్టు రెండుసార్లు కనబడిందంటే జనం ఫోన్ తీస్తారు.

బాల్కనీ టికెట్
అన్నా ఇది బంగారం. కానీ మాకు నాన్న కాళ్లు రెండు షాట్లే ఉన్నాయి, మళ్లీ షూట్‌కి డబ్బుల్లేవు 😅

కటింగ్ టేబుల్
అయితే కాళ్లు చూపించకు, చెప్పుల చప్పుడు వేయి. చప్పుడుకు షూటింగ్ అక్కర్లేదు.

డల్లాస్ బావ
సౌండ్ మాట వచ్చింది కాబట్టి, మళ్లీ లియోనీయే. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదలు చూడండి. ముగ్గురు స్టేషన్‌లో రైలు కోసం కాచుకుని ఉంటారు, అంతే. సంగీతం లేదు. తుప్పుపట్టిన గాలిమర కిర్రుమంటుంది, ఒకడి టోపీ మీద నీటి చుక్క పడుతుంటుంది, ఒకడి గడ్డం మీద ఈగ వాలుతుంది. ఆర్ఆర్ మార్చమన్న మ్యాట్నీ గారికి అంకితం.

మ్యాట్నీ షో
చూశా, నిద్రొచ్చింది. అందరికీ నచ్చాలని రూలేం లేదు. థియేటర్‌లో పండగ రోజు ఆ పది నిమిషాలు వేసి చూడండి, తెర చిరుగుతుంది. మన జనానికి స్లో మోషనే కరెక్ట్. హీరో కాలు నేల మీద పడుతుంది, దుమ్ము లేస్తుంది, అది కూడా టైమ్ సాగదీయడమే కదా? దాన్ని ఎవరూ ల్యాగ్ అనరే?

గోదారి గట్టు
సాగదీయడమే, కాదన్లేదు. కానీ అక్కడ ప్రశ్న లేదు. కాలు పడుతుందని తెలుసు, గెలుస్తాడని తెలుసు, గెలుపును ఎక్కువసేపు రుచి చూడటానికే స్లో చేస్తారు. అది ఎలివేషన్. తప్పేం కాదు, పని వేరు. టెన్షన్‌కి దాన్ని వాడితేనే చిక్కు, ఎందుకంటే స్లో మోషన్ 'దీన్ని చూసి ఆనందించండి' అంటుంది, సస్పెన్సేమో 'త్వరగా అవ్వాలి రా బాబూ' అనిపించాలి.

రెండూ కలిసిన సీన్ కావాలంటే మనదే ఉంది. 'ఆర్ఆర్ఆర్'లో వంతెన సీన్, ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్. రైలు మంటల్లో ఉంది, కింద నదిలో పడవ మీద పిల్లాడు. ఇద్దరు హీరోలూ కాపాడతారని సినిమా పేరు చూసినవాడికైనా తెలుసు. కానీ ఎలా అన్నది తెలియదు. ఒకడు వంతెన మీద, ఒకడు కింద, మాట వినబడనంత దూరం, పేర్లు కూడా తెలియవు, చేతి సైగలతోనే ప్లాన్ చెప్పుకోవాలి. ఆ సైగలు మనకూ పూర్తిగా అర్థం కావు, ఒకడు గుర్రమెక్కి, ఇంకొకడు బండెక్కి ఎదురెదురుగా వస్తుంటే తాడు దేనికో అప్పుడప్పుడే అర్థమవుతుంది. పిల్లాడి చుట్టూ మంట పెరిగేకొద్దీ ప్లాన్ ఒక్కో ముక్కా తెలుస్తుంటుంది. స్లో మోషన్ ఉంది, బాగానే ఉంది, కానీ టైమ్‌ని మోసేది ఆ ప్లాన్.

ఓరుగల్లు పిల్ల
'ఎలా' అన్న ప్రశ్న బాగా పట్టుకున్నారు. నేను మొదట్లో 'ఏమవుతుంది' అన్నాను, దాన్ని కొంచెం పెద్దది చేసుకోవచ్చు.

ఇంకోటి, కట్ చేయకపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' (1963), బడి బయట సీన్. హీరోయిన్ బెంచీ మీద కూర్చుని సిగరెట్ కాలుస్తుంటుంది, లోపల పిల్లలు పాట పాడుతుంటారు. వెనకాల పిల్లలు ఆడుకునే ఇనప కమ్మీల మీద ఒక కాకి వాలుతుంది. ఆమె మీదికి కట్. మళ్లీ కమ్మీలు, ఇంకొన్ని కాకులు. ఇలా కొన్నిసార్లు తిప్పి, ఒకసారి ఆమె మీదికి వచ్చాక ఇక కట్ చేయడు. అలా చూపిస్తూనే ఉంటాడు. మనకేమో వెనక్కి తిరిగి చూడాలని ఉంటుంది, ఆమె తిరగదు, కెమెరా తిరగదు. చివరికి ఆకాశంలో ఒక కాకి ఎగురుతుంటే ఆమె చూపు దాని వెంట వెళ్తుంది, అది వెళ్లి వాలిన చోట కమ్మీలన్నీ నల్లగా నిండిపోయి ఉంటాయి. కాకులు పోగైంది మనం చూడని ఆ కాసేపట్లోనే. అంతకుముందు వేసిన కట్లన్నీ మనకు ఒక అలవాటు నేర్పడానికి, ఆ తర్వాత అలవాటు ఆపేయడానికి.

స్ప్లైస్ టేప్
దీనికి ఇంకా ముందు మెట్టు హిచ్‌కాక్‌దే 'రోప్', 1948. శవం పెట్టెలో ఉంది, పెట్టె మీదే విందు భోజనం పెట్టారు. భోజనాలయ్యాక పనిమనిషి పెట్టె మీద గిన్నెలన్నీ సర్దుతూ అటూ ఇటూ తిరుగుతుంది. కెమెరా పెట్టె మీదే ఉంటుంది, మిగతావాళ్ల మాటలు పక్కనుంచి వినబడుతుంటాయి. ఒక ట్రిప్పు, రెండో ట్రిప్పు, గుడ్డ తీసింది, ఇక మూత ఎత్తడమే తరువాయి. ఒక్క కట్ లేదు. ఎడిటర్‌కి పనే లేదు అనిపిస్తుంది కానీ, కట్ పడితే ఆమె నడక మధ్యలో కొంత తెగిపోతుంది, మనకు ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. ఇక్కడ దొరకదు.

బాల్కనీ టికెట్
ఒక డౌట్. ఇవన్నీ రెండోసారి చూసినా టెన్షన్ ఎందుకొస్తుంది? ఏమవుతుందో తెలుసు కదా.

కటింగ్ టేబుల్
మంచి డౌటే. క్రికెట్‌లో ఆ రోజు క్యాచ్ పట్టాడని తెలిసి కూడా హైలైట్స్‌లో బంతి గాల్లో ఉన్నంతసేపూ పిడికిలి బిగుస్తుంది చూడు, అలాంటిదే. నా అనుభవంలో ఒక టైమ్‌లైన్ మీద వారాల తరబడి కూర్చున్నాక కథ మీద టెన్షన్ పోతుంది, కట్ మీద టెన్షన్ మిగులుతుంది. ఆ చెయ్యి హ్యాండిల్ దగ్గరికి వెళ్తుంటే ఒళ్లు బిగుసుకుంటే ఆ కట్ ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం. అందుకే మా సార్ రఫ్ కట్‌ని (మొదటి ఎడిట్‌ని) కథ ఏమీ తెలియని ఆఫీస్ బాయ్‌కి చూపించి, తెర వైపు కాకుండా అతని ముఖం వైపు చూస్తూ కూర్చుంటారు.

డల్లాస్ బావ
నోలన్ 'డంకర్క్' గురించి ఎవరూ ఎత్తలేదేం? ఒడ్డు మీద వారం రోజుల కథ, సముద్రం మీద ఒక రోజు కథ, గాల్లో గంట కథ, మూడూ కలిపి కోశారు. ఎడిటర్ లీ స్మిత్‌కి ఆస్కార్ కూడా వచ్చింది.

ఓరుగల్లు పిల్ల
ఎత్తితే ఇంకో థ్రెడ్ కావాలి బావగారూ. నాకైతే అందులో టెన్షన్ కంటే లెక్కలు ఎక్కువయ్యాయి, ఎవరు ఎప్పుడున్నారో చూసుకోవడంలోనే సగం సినిమా అయిపోయింది. మీకు నచ్చి ఉండొచ్చు.

డల్లాస్ బావ
నచ్చింది. గొడవొద్దు 🙂

స్ప్లైస్ టేప్
తమ్ముడికి హోంవర్క్ ఒకటి చెప్పి పోతా. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్', 1958. మొదటి షాట్‌లోనే ఒకడు బాంబుకు టైమర్ తిప్పి కారు డిక్కీలో పెడతాడు, కారు బయల్దేరుతుంది, కెమెరా మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా దాని వెంట ఊరంతా తిరుగుతుంది, కారు ఆగుతుంది, మేకలు అడ్డొస్తాయి, హీరో పెళ్లాంతో కలిసి దాని పక్కనే నడుస్తుంటాడు. పేలుడు దగ్గరే మొదటి కట్. అయితే స్టూడియో వాళ్లు ఈ షాట్ మీద పేర్లు వేసి, పెద్ద మ్యూజిక్ పెట్టి విడుదల చేశారు. అంతకుముందే వెల్స్ స్టూడియో ఎడిట్ చూసి 58 పేజీల మెమో రాసిచ్చాడు, వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన పోయాక 1998లో, పైన కటింగ్ టేబుల్ చెప్పిన వాల్టర్ మర్చే ఆ మెమో ముందేసుకుని సినిమాను మళ్లీ ఎడిట్ చేశాడు. పేర్లు తీసేశాడు, మ్యూజిక్ బదులు దారిలో క్లబ్బుల్లోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటల ముక్కలు పెట్టాడు. ఫ్రేము ఒక్కటి కూడా కొత్తగా తీయలేదు. రెండూ పక్కపక్కన చూడు. పేర్లున్న దాంట్లో అక్షరాలు చదువుకుంటూ నేను బాంబు సంగతే మర్చిపోయాను.